నాలుగుసార్లు చూసిన వీడియో పరీక్షలో ఎందుకు గుర్తురాదు?

కావలిలో పోటీ పరీక్షల పిల్లలకు పాఠాలు చెబుతుంటాను. "ఆ వీడియో నాలుగుసార్లు చూశాను సార్, అంతా వచ్చు" అంటారు. కాగితం చేతికిస్తే తెల్లమొహం వేస్తారు. చూసేకొద్దీ పాఠం పరిచయమవుతుంది, అంతే. అడగ్గానే గుర్తుకు రావడం వేరే సంగతి.

అందుకని వీడియో ఒక్కసారి చూసి ఫోన్ బోర్లా పెట్టేయండి. గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయండి. నెల్లూరు జిల్లాలోని సోమశిల జలాశయం ఏ నది మీద ఉంది? పెన్నా. కండలేరు నీళ్లు చెన్నైకి ఏ పథకం కింద వెళ్తాయి? తెలుగు గంగ. రాకపోతే వెంటనే వీడియో తెరవకండి, కాసేపు బుర్ర గోక్కోండి. ఆ తర్వాతే తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దుకోండి.

2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో అయిదు నిమిషాలకే అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లు వాళ్లను దాటేశారు. మన పరీక్ష అయిదు నిమిషాల్లో ఉండదు కదా!

మర్నాడొకసారి, నాలుగో రోజొకసారి, పది రోజులకు మరోసారి ఇలాగే రాయండి. ఒకే రాత్రి కూర్చుని తిప్పితిప్పి చూడటం దండగ.

వాట్సాప్ గ్రూపులతో ఇంకో చిక్కు. ఒకే ముక్క పదేపదే కనబడితే తప్పైనా నిజమేననిపిస్తుంది. దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్ అని ఫార్వర్డ్ వస్తే మనవైపుదని నమ్మబుద్ధవుతుంది కూడా. పెద్దది ఒడిశాలోని చిలికా, పులికాట్ రెండోది. ఇలాంటివి నోట్సులో పెన్సిల్‌తోనే రాసి, పాఠ్యపుస్తకంలో చూశాకే పెన్నుతో దిద్దండి.