నాలుగు అంకెలతో 24 రప్పించడం ఎలా?

2, 3, 5, 8. ఈ నాలుగింటినీ తలా ఒక్కసారి వాడి, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాలతో 24 రప్పించాలి. వరస మార్చుకోవచ్చు, బ్రాకెట్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు. ఒక్క అంకె కూడా మిగలకూడదు. 2 పక్కన 3 పెట్టి 23 అని చదవడం కుదరదు.

చూడగానే అందరి కన్నూ 3, 8 మీద పడుతుంది. ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు. బాగుంది, మరి 2, 5 ఎటు పోవాలి? పోనీ 8×(5−2) అంటే అదీ 24 అవుతుంది, ఈసారి 3 మిగిలిపోతుంది. చాలామంది ఈ రెండు దారుల్లోనే తిరిగి తిరిగి, ఇది రాదని వదిలేస్తారు. జవాబు 8×2+3+5. పదహారుకు ఎనిమిది కలిపితే చాలు.

ఈ ఆటలో ఓడిపోయేది లెక్కలు రాక కాదు. మొదట కనిపించిన దారిని పట్టుకుని వదలకపోవడం వల్ల. అందుకే అన్ని దారులనూ వరసగా చూసే పద్ధతి ఒకటి చేతిలో ఉండాలి.

పేకముక్కలతో ఈ ఆటను షాంఘైలో 1960ల నుంచీ ఆడుతున్నారు. ఆ ఊళ్లోనే పుట్టిన రాబర్ట్ సన్ 1988లో అమెరికాలో దీన్ని అచ్చు కార్డుల ఆటగా తెచ్చాడు. 24నే ఎందుకు ఎంచుకున్నారంటే దాన్ని 1, 2, 3, 4, 6, 8, 12, 24 ఎనిమిదీ నిశ్శేషంగా భాగిస్తాయి. ఎనిమిది కారణాంకాలున్న సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది ఇదే. గుణకారంతో చేరడానికి ఇన్ని దారులున్న సంఖ్య దీనికంటే చిన్నది లేదు.

ఆటకు ఏం కావాలి?

ఒక పేక కట్ట చాలు. జోకర్లను, జాకీ, రాణి, రాజు ముక్కలను తీసేస్తే 40 మిగులుతాయి. ఆసును 1గా లెక్కపెట్టాలి. బాగా కలిపి నాలుగు ముక్కలు పైకి కనిపించేలా పరవండి. ముందు తట్టినవాళ్లు "వచ్చింది" అని, వెంటనే మొత్తం లెక్క పైకి చెప్పాలి. "వచ్చింది" అన్నాక ఆలోచించుకోవడానికి సమయం ఇవ్వకండి. ఇస్తే అందరూ ముందు అరిచేసి తర్వాత లెక్క వెతుక్కుంటారు.

1 నుంచి 10 వరకు ఉన్న సంఖ్యలతో వచ్చే నాలుగేసి జట్లు 715. వాటిలో 566 జట్లు 24కు చేరతాయి, అంటే దాదాపు ఐదింట నాలుగు. జాకీని 11, రాణిని 12, రాజును 13గా ఉంచుకుంటే జట్లు 1820 అవుతాయి, చేరేవి 1362. అప్పుడు నాలుగింట మూడే వస్తాయి. పిల్లలతో ఆడేటప్పుడు 40 ముక్కలతోనే మొదలుపెట్టండి.

పేక లేకపోయినా ఫరవాలేదు. రోడ్డు మీద ముందు వెళ్లే బండి నంబరులో చివరి నాలుగు అంకెలు చాలు. ఇది వెనక సీట్లో కూర్చున్నవాళ్లు ఆడాల్సిన ఆట, నడిపేవాళ్లు కాదు. నంబరులో సున్నా ఉంటే కంగారు పడకండి, అది మేలే చేస్తుంది. దేన్నయినా సున్నాతో గుణిస్తే సున్నాయే కాబట్టి, అక్కర్లేని ఒక అంకెను అది మింగేస్తుంది. 3, 8, 5, 0 వస్తే 3×8+5×0. సున్నాతో భాగించడం మాత్రం ఎప్పుడూ కుదరదు.

మొదటి మెట్టు: ముందు కూడి చూడండి

3, 5, 7, 9 వచ్చాయనుకోండి. గుణకారాల కోసం బుర్ర బద్దలు కొట్టుకునే ముందు నాలుగూ కూడితే సరిపోతుంది, 24 వచ్చేసింది. రెండు సెకన్ల పని, కానీ ఎక్కాలు బాగా వచ్చినవాళ్లే దీన్ని ఎక్కువగా మరిచిపోతారు.

రెండో మెట్టు: 24 నుంచి వెనక్కి నడవండి

అంకెల నుంచి ముందుకు వెళ్తే దారులు మరీ ఎక్కువ. నాలుగింటిలో రెండు ఎంచుకోవడానికి 6 విధాలు, ఆ రెంటినీ కలపడానికి (తీసివేత, భాగహారాలు అటూ ఇటూ లెక్కపెట్టి) 6 విధాలు, మొత్తం 36. మిగిలిన మూడింటితో 18, చివరి రెంటితో 6. 36×18×6 అంటే 3888. కంప్యూటరుకు ఇది లెక్కే కాదు, మనకు మాత్రం కుదరదు.

వెనక నుంచి చూస్తే చివరి లెక్కకు రెండే రూపాలు. ఒక అంకె ఒకవైపు, మూడు అంకెలు మరోవైపు. లేదా రెండూ రెండూ.

మొదటి రూపంలో ఒక అంకెను పక్కన పెట్టి, మిగిలిన మూడూ ఎంత కావాలో అడగండి. ఉదాహరణకు 4, 7, 8, 8. 4ను పక్కన పెడితే మిగిలినవి 20 కావచ్చు (కూడితే 24), 28 కావచ్చు (4 తీసేస్తే 24), 6 కావచ్చు (నాలుగు ఆరులు), 96 కావచ్చు (4తో భాగిస్తే). 7, 8, 8తో 6 వస్తుందా? 8÷8 అంటే 1, ఏడులోంచి ఒకటి పోతే ఆరు. కాబట్టి 4×(7−8÷8).

96, 168 లాంటి పెద్ద సంఖ్యలను చూడకుండా దాటేయకండి. 1, 2, 7, 7లో 2ను పక్కన పెడితే భాగహారం దారిలో 48 కావాలి. 7×7 అంటే 49, ఒకటి తీస్తే 48. (7×7−1)÷2. భాగహారంతో ముగిసే జవాబులు సులభమైనవే అయినా వాటివైపు ఎవరూ చూడరు.

రెండో రూపంలో నాలుగు అంకెలను జంటలుగా విడదీయడానికి మూడే విధాలు. 2, 3, 5, 8ని (2,3) (5,8), (2,5) (3,8), (2,8) (3,5) అని విడదీయవచ్చు, అంతే. మూడో విడదీతలో 16, 8 కలిసి 24 అవుతాయి.

మూడో మెట్టు: మిగులు అంకెలను వదిలించుకోవడం

మూడెనిమిదులో, నాలుగారులో దొరికాక ఇంకో రెండు అంకెలు వేలాడుతుంటే, ఆ రెంటితో 0 గానీ 1 గానీ వస్తుందేమో చూడండి. రెండూ ఒకటే అయితే తీసివేస్తే 0, భాగిస్తే 1. పక్కపక్క అంకెలైతే తేడా 1. 3, 8, 6, 7 వస్తే 3×8×(7−6). 2, 5లాంటి జంట మిగిలితే 0 రాదు, 1 రాదు. అప్పుడు ఆ దారి మూసుకుపోయినట్టే, వెంటనే వదిలేసి ఇంకో దారి చూడాలి.

నాలుగో మెట్టు: భిన్నాలు

అసలు కష్టం ఇక్కడుంది. 3, 3, 7, 7 తీసుకోండి. 7×3+3 అంటే 24 వచ్చేసింది, కానీ ఒక 7 అదనంగా మిగిలింది. పూర్ణ సంఖ్యలతో ఎంత తిప్పినా అది వదలదు.

వెనక నుంచి నడిచే పద్ధతినే మొండిగా పట్టుకోండి. 7ను పక్కన పెడితే మిగిలిన మూడూ 24÷7 కావాలి. అంటే మూడూ మూడు బై ఏడు. మన దగ్గరున్నవి సరిగ్గా 3, 3, 7! జవాబు 7×(3+3÷7).

ఇది బడిలో నేర్పే విభాగ న్యాయమే. బ్రాకెట్ విప్పితే 7×3, దానికి 7×(3÷7) కలుస్తాయి. రెండోదానిలో ఏడుకు ఏడు కొట్టేసుకుపోయి 3 మిగులుతుంది. అదనపు 7 అలా మాయమైంది. దీని నుంచి ఒక సూత్రం పట్టుకోవచ్చు. మూడు అంకెలతో గుణకారం, ఆపైన కూడిక లేదా తీసివేతతో 24 వచ్చి, మిగిలిన నాలుగో అంకె గుణించినదే అయితే, దాన్ని బ్రాకెట్ లోపల భాగహారంగా పెట్టేయండి. 5×5−1 తర్వాత ఇంకో 5 మిగిలితే 5×(5−1÷5). 7×4−4 తర్వాత 7 మిగిలితే 7×(4−4÷7).

అదే న్యాయం తలకిందులుగా కూడా పనిచేస్తుంది. బ్రిటన్ టీవీలో 1982 నుంచి వస్తున్న కౌంట్‌డౌన్ పోటీలో ఆరు సంఖ్యలు ఇస్తారు, మూడంకెల లక్ష్యం ఇస్తారు, 30 సెకన్ల గడువు. 1997లో వచ్చిన ఒక లెక్క బాగా పేరుపడింది: 25, 50, 75, 100, 3, 6తో 952 రప్పించాలి. 75÷25 అంటే 3, 50÷25 అంటే 2. కాబట్టి 106×3×3−2 అంటే 952. కానీ 25 రెండుసార్లు కావలసి వస్తోంది, ఉన్నది ఒక్కటే. రెంటినీ కలిపి చివర ఒకేసారి భాగిస్తే సరి: ((100+6)×3×75−50)÷25. లోపల 23,800 వస్తుంది, 25తో భాగిస్తే 952. అంకె ఎక్కువైతే లోపలికి నెట్టండి, తక్కువైతే బయటికి తీయండి.

ఇంకో రకం భిన్నం ఉంది. మూడో వంతుతో భాగించడమంటే మూడుతో గుణించడమే. కాబట్టి మీ దగ్గర 8 ఉంటే మిగిలిన వాటితో 1/3 వస్తుందేమో చూడండి. 6 ఉంటే 1/4, 4 ఉంటే 1/6, 3 ఉంటే 1/8. పేరుమోసిన 3, 3, 8, 8 ఇలాగే వస్తుంది: 3లోంచి 8÷3 తీసేస్తే 1/3 మిగులుతుంది, కాబట్టి 8÷(3−8÷3). 1, 3, 4, 6 కూడా అంతే: 6÷(1−3÷4).

రాదని ఎలా తేల్చుకోవాలి?

ఒక్కో అంకెను పక్కన పెట్టి నాలుగుసార్లు, జంటలుగా విడదీసి మూడుసార్లు చూశాక, భిన్నాలతో సహా ఏదీ కుదరకపోతే అది రాదు. నాలుగూ ఒకటే అయిన జట్లు తెలిసుంటే సమయం కలిసొస్తుంది. 3×3×3−3, 4×4+4+4, 5×5−5÷5, 6+6+6+6 వస్తాయి. నాలుగు 1లు, 2లు, 7లు, 8లు, 9లు రావు. ఎనిమిదులు మూడైతే ఇట్టే వచ్చేది, నాలుగోదే చెడగొడుతుంది. ఫ్యాన్సీ నంబర్లలో అంత గిరాకీ ఉన్న 9999తోనూ 24 రాదు.

ఎక్కడ తప్పుతారు?

మనసులో సరిగ్గా చేసి, కాగితం మీద తప్పు రాయడం ఎక్కువ. 5లోంచి 2 తీసి 8తో గుణించి, 5−2×8 అని రాస్తే అది 24 కాదు, మైనస్ 11. కాలిక్యులేటర్‌తో సరిచూసినా నమ్మలేం. చిన్న షాపు కాలిక్యులేటర్‌లో 3+5×2 నొక్కితే 16 చూపిస్తుంది, ఫోన్‌లోని యాప్ 13 చూపిస్తుంది. మొదటిది నొక్కిన వరసలో చేస్తుంది, రెండోది గుణకారం ముందు చేస్తుంది.

దీనికి మందు, వరసకు ఒక్క లెక్కే రాయడం:

8×2 = 16 (మిగిలినవి 16, 3, 5)
3+5 = 8 (మిగిలినవి 16, 8)
16+8 = 24

ఒక్కో లెక్క రెండు సంఖ్యలను ఒకటిగా చేస్తుంది కాబట్టి నాలుగు అంకెలకు సరిగ్గా మూడు లెక్కలే ఉండాలి. నాలుగు వరసలు వచ్చాయంటే ఏదో అంకె రెండుసార్లు వాడారు. రెండే వచ్చాయంటే ఒకటి మరిచిపోయారు.

ఇదే ఊపులో 1 నుంచి 9తో 100

1 2 3 4 5 6 7 8 9. వరస మార్చకుండా, మధ్యలో కూడిక, తీసివేత గుర్తులు మాత్రమే పెట్టి 100 రప్పించాలి. ఇక్కడ పక్క అంకెలను అతికించి 23, 67 అని చదువుకోవచ్చు. ఊరికే ప్రయత్నిస్తూ పోతే పూట గడిచిపోతుంది. ఇలా చూడండి.

అన్నీ విడివిడిగా కూడితే 45. 6ను 7కు అతికించి 67 చేస్తే, 13కు బదులు 67 వచ్చింది, అంటే 54 పెరిగింది. అది 9×6. ఏ రెండు అంకెలను అతికించినా ముందు అంకెకు తొమ్మిది రెట్లు పెరుగుతుంది. మూడు అతికించినా పెరిగేది తొమ్మిదో ఎక్కంలోనిదే. అందుకే అన్నీ కూడికలే అయితే మొత్తం ఎప్పుడూ 9తో తెగుతుంది. 100 తెగదు. తీసివేత తప్పదన్నమాట.

ఒకే అంకె ముందు మైనస్ పెడదామనుకుంటే అది ఏది? దాని రెట్టింపు 45లోంచి పోతుంది. 100కు చేరడానికి మిగిలిన తేడా 9తో తెగాలి. 2 నుంచి 9 వరకు వేసి చూడండి, 4 ఒక్కటే కుదురుతుంది. 45లోంచి 8 పోతే 37, 100కు ఇంకా 63 కావాలి, అంటే 9×7. కాబట్టి అతికించే జంటల్లో ముందు అంకెల మొత్తం 7 కావాలి. 7 ఒక్కటే, లేదా 1, 6, లేదా 2, 5. మూడూ నాలుగూ కలిస్తే ఏడే కదా అంటే, 4 మైనస్‌తో ఒంటరిగా నిలబడింది కాబట్టి 3ను దానికి అతికించలేం. ఆ మూడు జవాబులూ ఇవి:

1+2+3−4+5+6+78+9
12+3−4+5+67+8+9
1+23−4+56+7+8+9

1 ముందు మైనస్ పెట్టకుండా మొత్తం 11 జవాబులున్నాయి. మైనస్ కిందికి వచ్చే అంకెల మొత్తం ప్రతిసారీ 4, 13, 22, 31లలో ఒకటే అవుతుంది. అన్నిటికంటే తక్కువ గుర్తులతో, మూడింటితోనే వచ్చేది 123−45−67+89. అక్కడ 4, 5, 6, 7 కలిస్తే 22.

చేసి చూడడానికి నాలుగు జట్లు

2, 3, 5, 7 సులభం. 4, 4, 10, 10లో భాగహారంతో ముగించాలి. 2, 4, 10, 10కు అదనపు అంకెను లోపలికి నెట్టే సూత్రం కావాలి. 1, 6, 6, 8కు పావు వంతు వెతకాలి. అరగంట కూర్చున్నాకే కింద చూడండి.

2+3×5+7
(10×10−4)÷4
10×(2+4÷10)
6÷(1−6÷8)