కొత్త ఎస్ఎస్‌డీకి మారాక డ్యూయల్ బూట్ కంప్యూటరును సరిచేయడం ఎలా?

పాత హార్డ్ డిస్కులోని విండోస్‌ను, ఉబుంటును కొత్త ఎస్ఎస్‌డీలోకి కాపీ చేసి కంప్యూటరును ఆన్ చేసినప్పుడు ఒకటి లేచి మరొకటి లేవకపోవడం, లేదా రెండూ లేవకపోవడం సర్వసాధారణం. వెంటనే రెండింటినీ తుడిచేసి మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయడం అంతకన్నా సాధారణం, అయితే పూర్తిగా అనవసరం. ఫైళ్లు క్షేమంగానే ఉంటాయి. వాటిని వెతికే చిరునామాలే పాతబడి ఉంటాయి.

ఇక్కడ చెప్పే పద్ధతి యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ (ఆన్ చేయగానే సిస్టమును లేపే, పాత బయోస్ స్థానంలో వచ్చిన ప్రోగ్రాము), జీపీటీ పార్టిషన్ పట్టిక (డిస్కు ఏ భాగాలుగా విడిపోయిందో రాసి ఉండే కొత్త తరహా పట్టిక) ఉన్న కంప్యూటర్లకు మాత్రమే వర్తిస్తుంది. విండోస్ 11తో అమ్ముడయ్యే కంప్యూటర్లు ఈ కోవకు చెందినవే.

సిద్ధం చేసుకోవలసినవి

ఒక పెన్‌డ్రైవులో విండోస్ ఇన్‌స్టాలర్, మరొక దానిలో ఉబుంటు లైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవు నుంచే నడిచే ఉబుంటు) ఉండాలి. ఒక్కొక్కటి 8 జీబీ ఉంటే సరిపోతుంది. విండోస్ డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నట్లయితే దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి, ఫోనులో ఫొటో తీసుకుంటే చాలదు. పాత డిస్కును కంప్యూటరు నుంచి విప్పి పక్కన పెట్టండి. యథాతథంగా క్లోన్ చేసిన రెండు డిస్కులు ఒకేసారి తగిలించి ఉంటే రెండింటికీ ఒకే గుర్తింపు సంఖ్యలు ఉంటాయి కనుక, కొత్త డిస్కు నుంచి లేచిందని మీరు అనుకుంటున్న ఉబుంటు నిజానికి పాత డిస్కు మీద నడుస్తూ ఉండవచ్చు.

ఫర్మ్‌వేర్ సెట్టింగులలో స్టోరేజ్ మోడ్‌ను మార్చకండి. ఏహెచ్‌సీఐ, ఆర్ఎస్‌టీ అనే రెండు మోడ్‌ల మధ్య మార్చినప్పుడు విండోస్ నీలి తెర చూపితే, ఆ తప్పును డిస్కు మీదికి నెట్టి రోజంతా వృథా చేసుకునేవారు ఎందరో ఉన్నారు.

ముందు విండోస్

ఈ వరుస తప్పనిసరి. విండోస్ బూట్ ఫైళ్లను తిరిగి రాసినప్పుడు అది ఫర్మ్‌వేర్ జాబితాలో తనను మొదటి స్థానంలో పెట్టుకుంటుంది. కాబట్టి ఉబుంటును ముందు సరిచేస్తే ఆ పని మళ్లీ చేయవలసి వస్తుంది.

ఇన్‌స్టాలర్ నుంచి బూట్ చేసి, మొదటి తెర మీద షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పార్టిషన్లను చూపే డిస్క్‌పార్ట్ ఆదేశంలో వాల్యూముల జాబితా చూసి, ఫ్యాట్32గా కనిపించే చిన్న పార్టిషన్‌కు ఎస్ అనే అక్షరం కేటాయించండి. అదే ఈఎస్‌పీ, అంటే రెండు సిస్టముల బూట్‌లోడర్లూ కలిసి ఉండే చోటు. దానిని ఏ కారణంతోనూ ఫార్మాట్ చేయకండి. తరువాత విండోస్ బూట్ ఫైళ్లను తిరిగి రాసే బీసీడీబూట్ (bcdboot) ఆదేశానికి విండోస్ ఫోల్డరు దారిని, స్లాష్ ఎస్‌తో ఈఎస్‌పీ అక్షరాన్ని, స్లాష్ ఎఫ్‌తో యూఈఎఫ్ఐ అన్న మాటను ఇవ్వండి. ఇన్‌స్టాలర్‌లో విండోస్ పార్టిషన్ సీ గానే కనిపించాలని లేదు, కనుక అక్షరాన్ని చూసుకుని వేయండి. పెన్‌డ్రైవు తీసి, విండోస్ లేస్తోందో లేదో ఒకసారి చూసుకోండి.

అసలు చిక్కు: గుర్తింపు సంఖ్యలు

నెమ్మదిగా చేయవలసిన పని ఇదొక్కటే. ప్రతి పార్టిషన్‌కు రెండు వేర్వేరు గుర్తింపులు ఉంటాయి. ఒకటి ఫైల్ సిస్టముకు చెందిన యూయూఐడీ. రెండవది పార్టిషన్ పట్టికలో నమోదయ్యే పార్ట్‌యూయూఐడీ. ఉబుంటు సాధారణంగా మొదటి దానిని నమ్ముకుంటుంది, ఫర్మ్‌వేర్, విండోస్ రెండవ దానిని నమ్ముకుంటాయి. డిస్కు మొత్తాన్ని బైటుకు బైటుగా క్లోన్ చేస్తే రెండూ అలాగే ఉంటాయి. ఉబుంటులోని పార్టిషన్ల సాధనం జీపార్టెడ్‌తో పార్టిషన్లను విడివిడిగా కాపీ చేస్తే మొదటిది నిలుస్తుంది, రెండవది మారుతుంది. కొత్తగా ఫార్మాట్ చేసి ఫైళ్లను మాత్రమే కాపీ చేస్తే రెండూ మారతాయి. ఏ సిస్టము ఎందుకు లేవడం లేదో తెలుసుకోవడానికి, మీరు ఎలా కాపీ చేశారో గుర్తు తెచ్చుకుంటే చాలు.

ఉబుంటు లైవ్ నుంచి బూట్ చేయగానే సిస్ ఫోల్డరులోని ఫర్మ్‌వేర్ ఉపఫోల్డరులో ఈఎఫ్ఐ అనే ఫోల్డరు ఉందో లేదో చూడండి. అది లేకపోతే మీరు పాత బయోస్ పద్ధతిలో బూట్ అయ్యారన్నమాట. ఆ స్థితిలో చేసేది ఏదీ పనికిరాదు, కనుక రీస్టార్ట్ చేసి బూట్ మెనూలో యూఈఎఫ్ఐ అని రాసి ఉన్న పెన్‌డ్రైవునే ఎంచుకోండి.

బ్లాక్ఐడీ (blkid) ఆదేశంతో సంఖ్యలన్నింటినీ చూసి, ఉబుంటు రూట్ పార్టిషన్‌ను, అంటే సిస్టము ఉన్న ప్రధాన పార్టిషన్‌ను, ఎంఎన్‌టీ ఫోల్డరులో మౌంట్ చేసి (ఆ ఫోల్డరులో తెరుచుకునేలా తగిలించి), దాని లోపలి ఈటీసీ ఫోల్డరులో ఉన్న ఎఫ్ఎస్‌ట్యాబ్ (fstab) ఫైలును, అంటే ఏ పార్టిషన్ ఎక్కడ తగలాలో రాసి ఉండే ఫైలును, తెరవండి. లైవ్ సిస్టముకు కూడా అదే పేరుతో తన సొంత ఫైలు ఉంటుంది, చాలామంది పొరపాటున దానినే మార్చి, ఏమీ మారలేదని వాపోతారు. మీ ఫైలులోని రూట్, ఈఎస్‌పీ, స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు చోటు) వరుసలను బ్లాక్ఐడీ చూపిన సంఖ్యలతో ఒక్కొక్క అక్షరం సరిపోల్చండి. యూయూఐడీ ఉండవలసిన చోట పార్ట్‌యూయూఐడీని అతికించడం నేను మరీ తరచుగా చూసే తప్పు. రెండూ పొడవుగా ఒకేలా కనిపిస్తాయి కదా! ఈఎస్‌పీ యూయూఐడీ మాత్రం మధ్యలో ఒక గీతతో ఎనిమిది అక్షరాలే ఉంటుంది. ఆ వరుస తప్పయితే సిస్టము లేచే దారిలో 90 సెకన్లు వేచి చూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లిపోతుంది, అప్పుడు అందరూ ఉబుంటు బూట్‌లోడర్ అయిన గ్రబ్‌ను తిడతారు, పాపం దానికి సంబంధమే లేదు.

ఎస్‌డీఏ (sda) వంటి డిస్కు పేర్లతో ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రాయడం పూర్తిగా మానుకోండి. పాత సాటా పద్ధతిలో తగిలే డిస్కు నుంచి కొత్త ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీకి మారితే ఆ పేరు మొత్తం మారిపోతుంది.

గ్రబ్‌ను తిరిగి నిలపడం

రూట్ లోపలి బూట్ ఫోల్డరులోని ఈఎఫ్ఐ వద్ద ఈఎస్‌పీని మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్, రన్ ఫోల్డర్లను రికర్సివ్‌గా (లోపలివాటితో సహా) బైండ్ చేసి, అంటే రూట్ లోపల కూడా కనిపించేలా కలిపి, సీహెచ్‌రూట్ చేయండి, అంటే లైవ్ నుంచే మీ ఉబుంటు లోపలికి వెళ్లండి. సిస్‌ను మామూలుగా బైండ్ చేస్తే దాని లోపలి ఈఎఫ్ఐ వేరియబుల్స్ వెంట రావు, వేరియబుల్స్‌కు మద్దతు లేదని గ్రబ్ ఇన్‌స్టాల్ ఆగిపోతుంది. తరువాత గ్రబ్ ఇన్‌స్టాల్ ఆదేశం, ఆపై అప్‌డేట్ గ్రబ్ ఆదేశం నడపండి. మెనూలో విండోస్ కనిపించకపోతే భయపడకండి. గ్రబ్ 2.06 నుంచి, ఇతర సిస్టములను వెతికే ఓఎస్ ప్రోబర్ అప్రమేయంగా ఆగి ఉంటుంది. ఈటీసీ లోపలి డీఫాల్ట్ ఫోల్డరులోని గ్రబ్ ఫైలులో దానిని డిసేబుల్ చేసే వరుసకు ఫాల్స్ అని విలువ ఇచ్చి, అప్‌డేట్ గ్రబ్ మళ్లీ నడపండి. చివరగా ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ (efibootmgr) ఆదేశంతో ఉబుంటు ఫర్మ్‌వేర్ బూట్ వరుసలో ముందున్నదో లేదో చూడండి.

ఒక్క నొక్కుతో అన్నీ బాగుచేస్తామనే సాధనాలను ఇందుకు వాడకండి. అవి ఏం మార్చాయో మీకు తెలియదు, రేపు మళ్లీ తప్పు జరిగితే ఎక్కడ వెతకాలో అస్సలు తెలియదు. ఇక్కడి ఆదేశాలు కొన్నే.

మిగిలిన చిన్న పనులు

పెద్ద డిస్కులోకి బైటుకు బైటుగా క్లోన్ చేసినవారికి డిస్కు చివర ఉండవలసిన జీపీటీ పట్టిక రెండవ ప్రతి డిస్కు మధ్యలో ఎక్కడో ఉండిపోతుంది. జీపార్టెడ్ సరిచేయమంటారా అని అడిగితే సరేనని నొక్కి, ఆ తరువాతే పార్టిషన్లను పెంచండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను (ఆపినా పూర్తిగా ఆగకుండా త్వరగా లేవడానికి స్థితిని దాచుకునే సౌకర్యాన్ని) ఆపివేయండి, లేకపోతే దాని పార్టిషన్‌ను ఉబుంటు చదవడానికే తప్ప రాయడానికి తెరవదు.

పాత డిస్కును కొన్ని వారాలు అలాగే ఉంచండి. దానిని యూఎస్‌బీ పెట్టెలో వేసి బ్యాకప్‌కు వాడుకోవాలంటే, వేరే కంప్యూటరులో దాని పార్టిషన్ పట్టికను చెరిపి కొత్తగా ఫార్మాట్ చేసిన తరువాతే ఈ కంప్యూటరుకు తగిలించండి.