డీఎన్ఏ లైబ్రరీకి చట్రం గీద్దాం – 3: మూడు చేతులు, మూడు వేడిమిలు

డీఎన్ఏ లైబ్రరీ అంటే మందుల కోసం వెతకడానికి తయారుచేసే, డీఎన్ఏ గుర్తులున్న అణువుల గుంపు. పోయిన పాఠంలో లెక్క చేశాం: మూడు విడతల్లో వందేసి ముక్కలు తగిలిస్తే 10 లక్షల అణువులు, ఒక్కోదానికి తోకలా ఒక డీఎన్ఏ గుర్తు. 1992లో శాస్త్రవేత్తలు బ్రెనర్, లెర్నర్ ప్రతిపాదించిన ఊహ ఇదే. ఇవాళ ఆ ముక్కల్ని పట్టి ఉంచే చట్రం, అంటే స్కాఫోల్డ్, గీద్దాం.

పర్లాకిమిడిలో ఆదివారాలు మా అరుగు మీద చదువుకునే పిల్లల్లో ఒకమ్మాయి బెంజీన్ వలయం గీసి, ఎదురెదురుగా రెండు అమీన్లు (ముక్కలు అంటుకునే నైట్రోజన్ చేతులు) పెట్టింది. డీఎన్ఏకి వేరే చెయ్యి ఉంచింది. "ఇది చాలదా మాస్టారూ?" అంది. చాలదమ్మా. రెండూ ఒకేలాంటివి కాబట్టి మొదటి ముక్కే కొన్ని అణువుల్లో రెండు చేతులకీ అంటుకుంటుంది. గుర్తు మాత్రం "ముందు అ, తర్వాత ఆ" అనే చెబుతుంది. మనం గిన్నెలో ఏం వేశామో డీఎన్ఏకి తెలుసు, లోపల ఏం తయారైందో తెలీదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాంటి చట్రం నుంచి వచ్చిన హిట్‌ని, అంటే ప్రొటీన్‌కి అంటుకుందని గుర్తు చెప్పిన అణువుని, విడిగా తయారుచేసి చూశాను. ప్రొటీన్‌కి అంటుకోనే లేదు. నెలల పని పోయింది.

సయన్యూరిక్ క్లోరైడ్ చూడండి. ట్రయజీన్ అనే వలయం మీద మూడు క్లోరిన్లు, మూడూ ఒకేలా ఉంటాయి. కానీ ఒక క్లోరిన్ చోట అమీన్ చేరగానే అది వలయంలోకి ఎలక్ట్రాన్లు నెట్టి మిగతా రెంటినీ మందగింపజేస్తుంది. మొదటిది మంచునీళ్ల చలిలో, రెండోది గది వేడిమిలో కదులుతాయి. మూడోదానికి 60–80 డిగ్రీల దాకా కాచాలి. మా ఊరి కొమ్ము బొమ్మల పనివాళ్లు కొమ్ముని కాచి మెత్తబడ్డాకే వంచుతారు. ఇక్కడా వేడే మన పనిముట్టు. 2009లో గ్లాక్సో స్మిత్‌క్లైన్ రసాయనవేత్తలు ట్రయజీన్ మీద కట్టిన లైబ్రరీల్లోంచి పీ38, అరోరా-ఏ అనే కైనేజ్ ఎంజైములను ఆపే అణువులు పట్టారు.

తూకం కూడా చూసుకోండి. మందు అణుభారం 500 దాటకూడదనుకుంటే, ట్రయజీన్ వలయానికి 78 పోగా మూడు ముక్కలకీ తలా 140 మిగులుతుంది. చట్రమే 250 ఉంటే తలా 83. అంత చిన్న ముక్కల్లో ఎంపికే ఉండదు. నేనైతే అలాంటి చట్రాన్ని ముందే పక్కన పెట్టేస్తాను.

వచ్చే వారానికి ఈ పని: ఒక వలయం మీద కార్బాక్సిలిక్ ఆమ్లం, ఎఫ్‌మాక్ (తర్వాత తీసేసే తాత్కాలిక మూత) కట్టిన అమీన్, బ్రోమిన్ గీయండి. ఆమ్లం డీఎన్ఏకి. మిగతా రెంటిలో ఏది ముందు వాడతారు? ఎఫ్‌మాక్‌కి బదులు బాక్ అనే ఇంకో మూత పెట్టి గాఢ ఆమ్లంతో తీస్తే, డీఎన్ఏలో ముందు ఊడేది ఏ బేసులు?