పిల్లల కోసం అనుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

• షుగర్ పరీక్ష గర్భం రాకముందే. బిడ్డ గుండె, వెన్నుపాము మొదటి 8 వారాల్లోనే రూపు దిద్దుకుంటాయి. నెల తప్పిందని తెలిసేసరికి సగం కాలం గడిచిపోతుంది. పైగా తల్లి రక్తంలో ఎక్కువైన గ్లూకోజ్ మాయ దాటి వెళ్తే, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ పెరుగుతుంది. బొడ్డు కోశాక గ్లూకోజ్ ఆగినా ఇన్సులిన్ వెంటనే తగ్గదు. అందుకే పుట్టిన గంటల్లోనే బిడ్డకు షుగర్ పడిపోవచ్చు.

• బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) మనకు 23 దాటితే చాలు అధిక బరువు, 25 దాటితే ఊబకాయం.

• తగ్గేదేదో ఇప్పుడే తగ్గండి. కడుపుతో ఉండగా డైటింగ్ వద్దు.

• షుగర్, బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ మందు వాడుతుంటే డాక్టరుకు చెప్పి, గర్భానికి కనీసం 2 నెలల ముందే ఆపాలి.

• సన్నగా ఉన్నామని ధీమా వద్దు. బీఎంఐ 18.5 లోపైతే తక్కువ బరువుతో బిడ్డ పుట్టే ముప్పుంది. అలాంటి పిల్లలకూ పెద్దయ్యాక షుగర్ భయం ఎక్కువే.

• ఫోలిక్ యాసిడ్ నెల ముందు నుంచే. బరువు ఎక్కువుంటే మోతాదు డాక్టరునే అడగండి, మందుల షాపులో కాదు.