రాజధానుల పాఠాలు – 4: పెద్ద నగరానికి దక్కని పీఠం

గత పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను: యూరప్‌లోని డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న రాజధానులేవో, నది పారే వరసలో రాయమని. ముందుగా దానికి జవాబు చూసుకుందాం. డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న రాజధానులు నాలుగు: వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్. నది పారే దిక్కున ఇదే వరసలో రాసినవారికి నా అభినందనలు. వరస తప్పినవారు అట్లాసు తెరిచి ఆస్ట్రియా నుంచి సెర్బియా దాకా నది వెంట ఒకసారి వేలు నడిపించండి. ఆ తర్వాతే ఈ పాఠం మొదలుపెట్టండి.

పోటీ పరీక్షలకు చదివేవారు తరచుగా తడబడే చోటికి ఇప్పుడు వచ్చాం. ఆస్ట్రేలియా అనగానే సిడ్నీ, టర్కీ అనగానే ఇస్తాంబుల్, నైజీరియా అనగానే లాగోస్ నోటికి వస్తాయి. క్రికెట్‌లో, సినిమాల్లో, వార్తల్లో ఎక్కువగా వినిపించే పేర్లు అవే. కానీ అవి రాజధానులు కావు. వాటిని పక్కకు నెట్టి అసలు రాజధాని పేరు పైకి తేవాలంటే బట్టీ పట్టడం చాలదు. అంత పెద్ద నగరాన్ని ఎందుకు కాదన్నారో తెలుసుకోవాలి. ఇలాంటి ప్రతి దేశం వెనుకా ఏదో ఒక పేచీ, భయం, లేదా రాజీ ఉంటుంది. ఈ పాఠంలో మనం నేర్చుకునే విద్య దాన్ని వెతికి పట్టుకోవడమే.

నోటుపుస్తకంలో ఒక పేజీని నాలుగు నిలువు గడులుగా విభజించండి. మొదటి గడిలో దేశం, రెండో గడిలో పెద్ద నగరం, మూడో గడిలో రాజధాని, నాలుగో గడిలో కారణం. నాలుగో గడి మీ సొంత మాటల్లో, ఒక్క వాక్యంలో ఉండాలి. నా వాక్యాలను ఎక్కించుకోవద్దు. సొంతంగా కూర్చిన వాక్యమే పరీక్ష హాలులో గుర్తుకొస్తుంది.

ఆస్ట్రేలియాతో మొదలుపెడదాం. 1901 జనవరి 1న ఆరు బ్రిటిష్ వలసలు, అంటే బ్రిటన్ ఏలుబడిలోని ప్రాంతాలు, కలిసి ఒక్క దేశమయ్యాయి. సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాల మధ్య పోటీ అప్పటికే ముదిరిపోయింది. ఒకదానికి పీఠం ఇస్తే రెండోది ఊరుకోదు. అందుకే ఆ తగవును రాజ్యాంగంలోనే తీర్చారు. 125వ సెక్షన్ ప్రకారం రాజధాని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోనే ఉండాలి. ఇది సిడ్నీ వైపు వారికి ఊరట. కానీ అది సిడ్నీకి వంద మైళ్ల లోపు ఉండకూడదు, కొత్త రాజధాని సిద్ధమయ్యేదాకా పార్లమెంటు మెల్‌బోర్న్‌లో సమావేశం కావాలి. ఈ రెండూ మెల్‌బోర్న్ వారి కోసం.

ఇప్పుడు జామెట్రీ బాక్సులోంచి వృత్తలేఖిని తీయండి. వంద మైళ్లంటే సుమారు 160 కిలోమీటర్లు. మీ అట్లాసులో ఒక సెంటీమీటరు 100 కిలోమీటర్లకు సమానమైతే 1.6 సెంటీమీటర్లు, 200 కిలోమీటర్లకు సమానమైతే 0.8 సెంటీమీటరు తెరవండి. ముల్లును సిడ్నీ మీద ఉంచి వృత్తం గీయండి. న్యూకాజిల్, వులన్‌గాంగ్ రెండూ లోపల పడతాయి, కాబట్టి వాటికి అవకాశం లేదు. వృత్తం బయట, రాష్ట్ర సరిహద్దు లోపల మిగిలిన నేలే నాటి నాయకుల ముందున్న జాగా. 1904లో వారు డాల్గెటీ అనే చిన్న ఊరిని ఎంచుకున్నారు. అది సిడ్నీకి మరీ దూరమని న్యూ సౌత్ వేల్స్ ఒప్పుకోలేదు. 1908లో యాస్–కాన్‌బెర్రా ప్రాంతం ఖాయమైంది. పటంలో ఆ చోటు చూడండి. రోడ్డు దారిలో సిడ్నీకి 280 కిలోమీటర్లు, మెల్‌బోర్న్‌కు దాదాపు 660. రాజీలో ఎవరిది పైచేయి అయిందో ఈ రెండు అంకెలు చెబుతున్నాయి.

నగర నిర్మాణానికి అంతర్జాతీయ పోటీ పెడితే 1912లో షికాగోకు చెందిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్ ప్రణాళిక గెలిచింది. ఆ ప్రణాళికకు చూడచక్కని చిత్రాలు గీసింది ఆయన భార్య, వాస్తుశిల్పి మారియన్ మహొనీ గ్రిఫిన్. ఆమె పేరు చాలా పుస్తకాల్లో కనిపించదు, మీరు మాత్రం రాసుకోండి. 1913 మార్చిలో నగరానికి కాన్‌బెర్రా అని పేరు పెట్టారు. పార్లమెంటు అక్కడికి చేరింది మాత్రం 1927లో. అంటే తాత్కాలికం అనుకున్న మెల్‌బోర్న్ పాతికేళ్లకు పైగా ఆ హోదా అనుభవించింది.

కెనడాది కూడా ఇదే బాపతు తగవు, తీర్పు చెప్పినవారు మాత్రం వేరు. కింగ్‌స్టన్, మాంట్రియల్, టొరంటో, క్విబెక్ నగరాల మధ్య రాజధాని తిరుగుతూ ఉండేది. 1849లో మాంట్రియల్‌లోని పార్లమెంటు భవనాన్ని అల్లరిమూకలు తగలబెట్టాయి కూడా. చివరికి నిర్ణయాన్ని విక్టోరియా రాణికి వదిలేస్తే, 1857లో ఆమె ఒటావాను ఎంపిక చేశారు. అప్పటికి అది కలప వ్యాపారంతో బతికే చిన్న పట్టణం. అయితే ఆ ఊరికి రెండు అనుకూలతలు ఉన్నాయి. ఒటావా నదికి ఇవతల ఇంగ్లిషు మాట్లాడే ప్రాంతం, అవతల ఫ్రెంచి మాట్లాడే ప్రాంతం. పైగా అమెరికా సరిహద్దుకు టొరంటో, కింగ్‌స్టన్‌ల కంటే దూరం. 1812లో అమెరికాతో మొదలైన యుద్ధం జ్ఞాపకాలు అప్పటికి ఇంకా చెరిగిపోలేదు.

నైజీరియా దగ్గర కాస్త ఆగండి, ఇక్కడ పేచీ నగరాల మధ్య కాదు. ఉత్తరాన హౌసా, నైరుతిలో యొరుబా, ఆగ్నేయాన ఇగ్బో ప్రజలు ఎక్కువ. సముద్రతీర నగరమైన లాగోస్ యొరుబా ప్రాంతంలో ఉంది. 1967 నుంచి 1970 దాకా దేశం అంతర్యుద్ధంలో కాలిపోయింది. అందరిదీ అనిపించే రాజధాని కావాలన్న పట్టుదల ఆ గాయం తర్వాత బలపడింది. దేశం నడిమధ్యన, ఈ మూడు పెద్ద సమూహాల్లో ఎవరి ఆధిపత్యమూ లేని చోట అబుజాను కట్టాలని 1976లో నిర్ణయించారు. రాజధాని అధికారికంగా అక్కడికి మారింది 1991 డిసెంబరు 12న. నాలుగో గడిలో ఇక్కడ తేదీలు రాయకండి. మూడు ప్రాంతాల పేర్లు రాసి, మధ్యలో ఒక చుక్క పెట్టండి. ఆ చుక్కే అబుజా.

బ్రెజిల్‌లో పేచీ లేదు, ఒక పెద్ద ఆశ ఉంది. జనమంతా తీరం వెంబడే ఉండిపోయారు, లోపలి పీఠభూమి ఖాళీగా ఉంది. అక్కడ రాజధాని కట్టాలని 1891 రాజ్యాంగంలోనే రాసుకున్నారు. అరవై ఏళ్లకు పైగా అది కాగితం మీదే ఉండిపోయింది. 1956లో అధ్యక్షుడైన జుసెలినో కుబిచెక్ దాన్ని తన పదవీకాలంలోనే పూర్తి చేయాలని పట్టుబట్టారు. లూసియో కోస్టా ప్రణాళిక గీస్తే, ఆస్కార్ నీమెయర్ భవనాలకు రూపమిచ్చారు. 1960 ఏప్రిల్ 21న రియో డి జనీరో నుంచి రాజధాని బ్రెజీలియాకు తరలింది. రెండో గడిలో మాత్రం జాగ్రత్త. పాత రాజధాని రియో, దేశంలో అతిపెద్ద నగరం సావో పావ్‌లో. రెండూ రాసుకోండి.

కజకిస్తాన్ విషయంలో పాత పుస్తకాలను నమ్మకండి. ఆగ్నేయ మూలన, భూకంపాలు వచ్చే ప్రాంతంలో ఉన్న అల్మాటీ నుంచి 1997లో రాజధాని ఉత్తరాన ఉన్న అక్మోలాకు మారింది. ఆ ఊరే 1998లో అస్తానా, 2019లో నూర్‌సుల్తాన్, 2022లో మళ్లీ అస్తానా అయింది. మీ చేతిలోని పుస్తకం ఏ ఏడాది అచ్చయిందో చూసుకుంటే ఈ గందరగోళం తప్పుతుంది.

ఇక ఒకే పీఠాన్ని పంచుకున్న దేశం దక్షిణాఫ్రికా. 1910లో నాలుగు వలసలు ఏకమైనప్పుడు ఎవరి రాజధానిని వారు వదులుకోలేదు. దాంతో ట్రాన్స్‌వాల్ రాజధాని ప్రిటోరియాకు ప్రభుత్వ కార్యాలయాలు, కేప్ కాలనీ రాజధాని కేప్‌టౌన్‌కు పార్లమెంటు, ఆరెంజ్ నది కాలనీ రాజధాని బ్లూమ్‌ఫాంటీన్‌కు ఉన్నత న్యాయస్థానం దక్కాయి. నాలుగో వలస నాటాల్‌కు వీటిలో ఏదీ రాలేదు. పెద్ద నగరమైన జొహన్నెస్‌బర్గ్ ఈ జాబితాలోనే లేదు.

ఈ లెక్క మనవారికి అర్థం కావడం కష్టం కాదు. 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందంలో కోస్తా, రాయలసీమ నాయకులు ఇదే పద్ధతిని అంగీకరించారు. రాజధాని, హైకోర్టు ఒకే ప్రాంతంలో ఉండకూడదు, రెంటిలో ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని కావడం, గుంటూరుకు హైకోర్టు దక్కడం దాని ఫలితమే. దక్షిణాఫ్రికా పేరు చదివినప్పుడల్లా కర్నూలు–గుంటూరు జంటను తలుచుకోండి, మూడు నగరాలూ వాటి పనులూ వరసగా వచ్చేస్తాయి.

ప్రశ్నపత్రంలో తిరకాసు పెట్టే మరికొన్ని పేర్లు ఉన్నాయి. నెదర్లాండ్స్ రాజధాని ఆమ్‌స్టర్‌డామ్, ప్రభుత్వం నడిచేది ది హేగ్ నుంచి. బొలీవియా రాజ్యాంగం ప్రకారం రాజధాని సుక్రే, ప్రభుత్వం ఉండేది లా పాజ్‌లో. మలేసియా రాజధాని కౌలాలంపూర్, పరిపాలన కేంద్రం పుత్రజయ. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు "రాజధాని" అని అడిగారా, "ప్రభుత్వ కేంద్రం" అని అడిగారా అన్నది రెండుసార్లు చదవండి.

ఈ రాత్రి పడుకునే ముందు మూడో గడిని కాగితంతో కప్పి, నాలుగో గడి చదివి రాజధాని పేరు పైకి చెప్పండి. రేపు ఉదయం నాలుగో గడిని కప్పి, మూడో గడి చూసి కారణం చెప్పండి. రెండోదే కష్టం, రెండోదే ముఖ్యం. తప్పిన వాటికి పక్కన చిన్న గుర్తు పెట్టి, మూడు రోజుల తర్వాత వాటిని మాత్రమే మళ్లీ చూడండి.

అభ్యాసానికి ఆరు దేశాలు ఇస్తున్నాను: టర్కీ, పాకిస్తాన్, మయన్మార్, టాంజానియా, న్యూజిలాండ్, అమెరికా. నాలుగు గడులూ నింపండి. పటంలో పాత రాజధాని నుంచి కొత్తదానికి బాణం గీసి, అది తీరం నుంచి లోపలికి వెళ్తోందో లేదో గమనించండి. వీటిలో ఒక దేశం బాణం సముద్రం వదలకుండా మరో రేవు పట్టణానికే చేరుతుంది. అది ఏ దేశమో, ఎందుకలా జరిగిందో రాసి పెట్టుకోండి. ద్వీప దేశాల రాజధానుల గురించి చెప్పే అయిదో పాఠం ఆ జవాబుతోనే మొదలవుతుంది.