కొత్త స్పీకర్లు పెట్టాక బేస్ మాయం

బెంగళూరు ఎస్పీ రోడ్‌లో కొన్న కొత్త ఫ్రంట్ స్పీకర్లు బిగించగానే బేస్ పెరగాలి కదా, ఉన్నదీ పోయింది. "పాతవే నయం కదండీ" అంది మా ఆవిడ.

హోమ్ థియేటర్ రిసీవర్ (స్పీకర్లను నడిపే పెట్టె) దగ్గర వైర్లు ఊడదీసి, 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ ప్లస్‌ను ఎర్ర వైరుకు, మైనస్‌ను నల్ల వైరుకు క్షణంసేపు తాకించాను. ఎడమ స్పీకర్ కోన్ (ముందు కదిలే గరాటు లాంటి పొర) బయటికొచ్చింది, కుడిది లోపలికెళ్లింది. అంటే కుడిదాని వెనక వైర్లు తారుమారు! ఒకటి గాలిని నెడుతుంటే ఇంకోటి లాగుతోంది, ఇంక బేస్ ఎక్కడ మిగులుతుంది? (తప్పు నాదే, టార్చి లేకుండా బిగించాను.)

సరిచేసినా బేస్ కాస్త పలుచగానే ఉంది. రిసీవర్ మెనూలో చూస్తే పాత బుల్లి స్పీకర్లకు పెట్టిన 150 హెర్ట్జ్ క్రాసోవర్ (అంతకంటే కింది శబ్దాల్ని ఈ స్పీకర్లకు పంపకుండా ఆపే హద్దు) అలాగే ఉంది. 80కి దించి, మైకుతో క్యాలిబ్రేషన్ (గదిలో శబ్దం కొలిచి రిసీవర్ సెట్టింగులు సర్దడం) మళ్లీ చేశాను. ఇప్పుడు కింది ఫ్లాట్ వాళ్లు ఫోన్ చేస్తున్నారు.