మ్యాక్స్ 7219 డిస్‌ప్లేలో అక్షరాలు చెదిరితే ముందు గ్రౌండ్ చూడండి

మ్యాక్స్ 7219 అనే ఎల్ఈడీ డ్రైవర్ చిప్‌తో పనిచేసే మ్యాట్రిక్స్ డిస్‌ప్లే (ఎల్ఈడీ చుక్కలతో అక్షరాలు చూపేది) బాగానే నడుస్తూ, పక్కన మోటారు ఆన్ కాగానే అక్షరాలు చెదిరిపోతాయి. ఒక్కోసారి ఎల్ఈడీలన్నీ పూర్తి కాంతితో వెలిగి అలాగే ఉండిపోతాయి. అంటే నాయిస్ (వైర్లలోకి చొరబడే అనవసర విద్యుత్ సంకేతాలు) వల్ల చిప్‌లోని డిస్‌ప్లే టెస్ట్ రిజిస్టర్, అంటే ఎల్ఈడీలన్నీ వెలిగించి చూసే సెట్టింగ్, ఆన్ అయిందన్నమాట. ప్రోగ్రామ్ జోలికి పోకుండా ముందు వైరింగ్ చూడండి.

ఈ చిప్ ఎనిమిది వరుసలను ఒకదాని తర్వాత ఒకటి, సెకనుకు సుమారు 800 సార్లు వెలిగిస్తుంది. సెగ్మెంట్‌కు, అంటే ఇక్కడ ఒక్కో ఎల్ఈడీకి, 40 మిల్లీఆంపియర్ల చొప్పున వరుసకు 320 మిల్లీఆంపియర్ల దాకా కరెంటు ఒక్క ఉదుటున వచ్చి పోతుంది. ఆ కరెంటు తిరిగి వెళ్లే గ్రౌండ్ (మైనస్) వైరు సన్నగా, పొడవుగా ఉంటే చిప్ గ్రౌండ్ వోల్టేజీ సున్నా నుంచి కాస్త పైకి లేస్తుంది. అప్పుడు డేటాను ఎప్పుడు చదవాలో చిప్‌కు చెప్పే క్లాక్ పల్స్‌ల లెక్క తప్పుతుంది.

4, 9 పిన్‌లు రెండూ గ్రౌండే, రెండింటినీ కలపాలి. ఒకటి వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. పవర్ అందే 19వ పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్, 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు చిప్‌ను ఆనుకునే పెట్టండి. దూరంగా పెడితే వాటి వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు.

నాలుగు మాడ్యూళ్లకు 1.3 ఆంపియర్ల దాకా కావాలి. డిస్‌ప్లేను నడిపే కంట్రోలర్ బోర్డు ఆర్డ్యూనో 5 వోల్టుల పిన్ దానికి చాలదు. 5 వోల్టులు, 2 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి 0.75 చదరపు మిల్లీమీటర్ల వైర్లు నేరుగా డిస్‌ప్లేకు తెచ్చి, అక్కడ 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి. ఆర్డ్యూనోకు పవర్, గ్రౌండ్ అక్కడి నుంచే డేటా వైర్లతో కలిపి తీసుకెళ్లండి. డిస్‌ప్లే కరెంటు ఇక ఆ దారిలో పారదు.

డేటా వైర్లు 30 సెంటీమీటర్లు దాటనివ్వకండి. క్లాక్ వైరును గ్రౌండ్‌తో మెలిపెట్టి, ఆర్డ్యూనో వైపు 100 ఓమ్‌ల రెసిస్టర్ వేయండి. ఆర్డ్యూనో బదులు ఈఎస్‌పీ32 బోర్డు వాడితే దాని 3.3 వోల్టుల సిగ్నల్ చాలదు, చిప్‌కు కనీసం 3.5 వోల్టులు కావాలి. మధ్యలో 5 వోల్టులతో నడిచే 74హెచ్‌సీటీ125 (సిగ్నల్‌ను 5 వోల్టులకు పెంచే బఫర్ చిప్) పెట్టండి.

నాయిస్ పుట్టే చోట కూడా ఆపాలి. డీసీ రిలే కాయిల్ రెండు కొసల మధ్య 1ఎన్4007 డయోడ్ వేయండి, గీత ఉన్న వైపు ప్లస్‌కు. ఏసీ కాంటాక్టర్ కాయిల్‌కు మాత్రం డయోడ్ పనికిరాదు, ఆర్‌సీ స్నబ్బర్ (రెసిస్టర్, కెపాసిటర్ జత) వేయాలి. ఇదంతా ఇనుప పెట్టెలో బిగిస్తే ఆ పెట్టెకూ ఎస్‌ఎంపీఎస్‌కూ ఎర్త్ తప్పనిసరి. నాయిస్ తగ్గుతుందని దాన్ని ఎప్పుడూ తీసేయకండి, ప్రాణాపాయం.

అన్నీ వెలిగించి చివరి మాడ్యూల్ దగ్గర వోల్టేజీ కొలవండి. 4.75 కంటే తగ్గితే అటు నుంచి కూడా పవర్ ఇవ్వండి. మల్టీమీటర్ సగటునే చూపుతుంది, క్షణకాలపు ఉదుట్లు అందులో కనపడవు. ఇంత చేశాక, సెకనుకోసారి రిజిస్టర్లన్నీ తిరిగి రాసేలా ప్రోగ్రామ్‌లో రెండు లైన్లు చేర్చండి.